కండె పోగుల తగాదా

ఇంటర్ బోటనీ ప్రాక్టికల్స్‌లో ఉల్లి వేరుకొనని ఎసిటోకార్మిన్‌లో నానబెట్టి, స్లైడు మీద పెన్సిల్ వెనక కొసతో మెల్లగా తట్టి చూడమంటాను. క్రోమోసోములు ఎర్రగా కనిపిస్తాయి. విభజన వేళ వాటిని లాగే కండె పోగులు (స్పిండిల్ ఫైబర్స్) కనపడవు. అయినా రికార్డుల్లో పిల్లలందరూ వాటిని గీస్తారు, స్కేలు పెట్టి మరీ. తిట్టబుద్ధి కాదు. అవి అసలున్నాయా అని ఉద్దండులే డెబ్బై ఏళ్లు వాదులాడుకున్నారు.

1882 నాటికే వాల్టర్ ఫ్లెమింగ్ సాలమాండర్ లార్వా కణాల్లో పోగులు చూసి గీశాడు. కానీ అలాంటి బొమ్మలకి ఆధారం ఎక్కువగా మందుల్లో గట్టిపరిచి రంగేసిన చచ్చిన కణాలే. మందులకే లోపలి పదార్థం పోగులు కట్టిందంటే ఏం బదులు చెబుతారు?

తగాదా తీర్చింది షిన్యా ఇనోయె. ఆయన గురువు కత్సుమా డాన్‌ది మరో కథ. జపాన్‌లోని మిసాకి సముద్రజీవ పరిశోధనశాలని యుద్ధంలో నౌకాదళం పొట్టి జలాంతర్గాముల స్థావరంగా వాడుకుంది. 1945లో అమెరికన్ సైనికులు వచ్చేముందు, దీన్ని పాడుచేయకండి, మా పరిశోధన సాగనివ్వండి అని ఇంగ్లీషులో కాగితం రాసి తలుపుకి తగిలించి వెళ్లాడు డాన్. పరిశోధనశాల దక్కింది. అక్కడే ఇనోయె, పారేసిన మెషిన్‌గన్ పీఠం మీద, టీ డబ్బాలో దీపం బిగించి, ధ్రువిత కాంతి మైక్రోస్కోపు కట్టాడు. తర్వాత అమెరికాలో దాన్ని మెరుగుపరిచి, 1953లో బతికున్న లిల్లీ పుప్పొడి మాతృకణాల్లో పోగుల్ని రంగు లేకుండానే చూపించాడు. చలికి కరిగి, వెచ్చబడితే మళ్లీ కట్టుకునేవవి. గౌట్ మందు కోల్చిసిన్‌కీ కరిగేవి.

ఆ మందు దేనికి అంటుకుంటోందని షికాగోలో బొరిసీ, టేలర్ వెతికారు. పోగుల్ని కట్టే ప్రోటీనే అయితే, జోరుగా విభజన చెందే కణాల్లోనే అది ఎక్కువుండాలి కదా! తీరా 1967లో చూస్తే మెదడులో పుష్కలంగా దొరికింది. నాడీకణాలేమో విభజన మానేసినవి. వాటి పొడుగాటి తంతువుల నిండా ఆ ప్రోటీన్‌తో కట్టిన సన్నని గొట్టాలు, మైక్రోట్యూబ్యూల్స్, ఉంటాయి మరి; కండె పోగులూ అవే. మరుసటేడు మొహ్రి దానికి ట్యుబులిన్ అని పేరు పెట్టాడు.

ట్యుబులిన్ ఒక్కటే చాలదని 1975లో తెలిసింది. పంది మెదడు ట్యుబులిన్‌ని బాగా శుద్ధి చేస్తే గొట్టాలు కట్టడం మానేసింది, విడిపోయిన తోడు ప్రోటీన్‌ని కలిపితే మళ్లీ కట్టింది. ఇవాళ అల్జీమర్స్ వార్తల్లో వినిపించే టౌ అదే. అది మెదడులో దొరికింది; విభజన కణాల కండెని నడిపించే ప్రోటీన్ల కోసం మాత్రం కప్పగుడ్లని ఆశ్రయించారు. 1987లో గార్డ్, కిర్ష్‌నర్ అక్కడ పట్టుకున్న ఎక్స్‌మ్యాప్215 అనే ప్రోటీన్ గొట్టం పెరిగే వేగాన్ని ఎన్నోరెట్లు పెంచుతుంది. మనలో ఉన్న దాని జ్ఞాతి పెద్దపేగు, కాలేయం కణితుల్లో మోతాదు మించి కనిపించింది.