ఫాలిజ్ చెప్పకుండా వచ్చునా?

పక్షవాతాన్ని మన ఇళ్ళలో ఫాలిజ్ అంటాము. "రాత్రి బాగానే తిని పడుకున్నారు, తెల్లారేసరికి ఫాలిజ్ పడింది" అనే మాట చదువరులు ఎన్నోసార్లు వినే యుందురు. మేము బడిలో చరిత్ర చెప్పేవాళ్ళమే గాని వైద్యులము కాము. అయినా ఈ మాట ఎంతవరకు నిజమో చరిత్రలోనే వెదికి చూచినాము.

పూర్వపు గ్రీకులు ఈ జబ్బుకు పెట్టిన పేరుకే దెబ్బ తగిలి కూలిపోవడమని అర్థం. ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో సక్తా, ఫాలిజ్ అనే మాటలు వాడినాడు. మన ఉర్దూలో నేటికీ అవే ఉన్నాయి. 1658లో స్విట్జర్లాండు వైద్యుడు వెప్ఫర్, ఇట్లా చనిపోయినవారి తలలు కోసి చూచి, మెదడులో రక్తం చిమ్మి యుండుట కనుగొన్నాడు.

ఇక అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు సంగతి. 1945 ఏప్రిల్ 12న ఆయన చిత్రపటం వేయించుకొంటూ కూర్చొని, తల వెనుక భరించలేని నొప్పి అన్నాడు. రెండు మూడు గంటల్లో ప్రాణం పోయింది. వయస్సు 63. ముందుగా ఏ సూచనా లేదని ఆయన సొంత డాక్టరు పత్రికలకు చెప్పినాడు. ఈ డాక్టరు గారు అసలు చెవి, ముక్కు, గొంతు వైద్యుడు! కాని చీటీలు వేరుగా చెబుతున్నాయి. రక్తపోటు 1941లో 188/105. 1944 మార్చిలో 186/108. 1945 ఫిబ్రవరిలో యాల్టా సభనాటికి 260/150. చివరిరోజున 300/190. గుండె డాక్టరు బ్రూయెన్ ఉప్పు తగ్గించమన్నాడు, సిగరెట్లు తగ్గించమన్నాడు. అంతకుమించి గట్టి మందు ఆ రోజుల్లో లేదు.

1948లో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మందిని ఏళ్ళ తరబడి పరీక్షించడం మొదలుపెట్టినారు. రక్తపోటు, పొగ, చక్కెర జబ్బు, గుండె లయ తప్పడం - ఫాలిజ్‌కు దారులు ఇవేనని తేలింది. 1958లో పోటు తగ్గించే మంచి మాత్రలు వచ్చినవి. రూజ్‌వెల్టుకు దొరకనిది నేడు మన వీధి మందుల షాపులో దొరుకుతుంది. అయినా మనవాళ్ళు "తలనొప్పి లేదు గదా" అని మధ్యలో మానేస్తారు. పోటు నొప్పి పెట్టదు సాహెబ్, కొలిస్తేనే తెలుస్తుంది. ఊరగాయ, అప్పడం, జర్దా సంగతి మేము వేరే చెప్పనక్కరలేదు.

మూతి ఒక పక్కకు పోవడం, ఎత్తిన చేయి వాలిపోవడం, మాట ముద్దకావడం, హఠాత్తుగా చూపు పోవడం, నడక తూలడం - ఇవి సూచనలు. పది నిమిషాల్లో సర్దుకొన్నా ఆసుపత్రికి పోవలసిందే. అది రాబోయే పెద్ద దెబ్బకు కబురు కావచ్చు. నోట్లో నీళ్ళు, మాత్రలు పోయరాదు. రక్తం గడ్డ వలన వచ్చినదైతే దానిని కరిగించే ఇంజెక్షను 1996 నుండి వాడుకలో ఉంది. తల స్కాన్ చేసి, రక్తం చిమ్మలేదని చూచుకొని, మామూలుగా నాలుగున్నర గంటలలోపల ఇస్తారు. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది.

మా పేటలో ఒక పెద్దాయనకు ఫజర్ వేళ మూతి వంకరపోయింది. నూనె మర్దన చేసినారు, పావురాయి రక్తం కోసం ఒకరిని పంపినారు. మేమూ అక్కడే ఉన్నాము, నోరెత్తలేదు. అసర్ దాటినాక ఆసుపత్రికి చేర్చినాము. డాక్టరు మొట్టమొదట అడిగింది, "ఎన్ని గంటలకు మొదలైంది?" అని. ఆ ఇంట్లో ఎవ్వరూ గడియారం చూచి యుండలేదు.