క్రామేర్–రావు అసమానత: కర్తృత్వ విచారము

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో సాంఖ్యకశాస్త్రము నభ్యసించు విద్యార్థి, క్రామేర్–రావు అసమానతలోని రెండవ పేరు తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారిదని తెలిసి గర్వించుట సహజము; అయినను ఆ జంటపేరు వెనుకనున్న కర్తృత్వ వివాదమును గూడ నెఱిగినపుడే యా గర్వము వివేకయుక్తమగును.

1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున ఎం.ఏ. ముగించి, ఉద్యోగార్థియై కలకత్తా చేరిన రావుగారు, 1944లో అచ్చట విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచు, పెద్ద నమూనాలలో అంచనాల విస్తృతికి సాంఖ్యకవేత్త ఫిషర్ కనుగొన్న హద్దును వివరించుచుండగా, వి. ఎం. దండేకర్ అను విద్యార్థి చిన్న నమూనాలకు నట్టి హద్దు కలదా యని ప్రశ్నించెను. ఆ రాత్రియే రావుగారు సమాధానము సాధించిరి: పక్షపాతరహితమైన యే అంచనాకైనను విస్తృతి, నమూనా మోయు సమాచారముయొక్క వ్యుత్క్రమముకంటె తగ్గజాలదు. క్రామేర్–రావు అసమానత యనబడు దీనిని 1945లో కలకత్తా గణిత సంఘ పత్రిక ప్రకటించెను.

అయితే 1943లోనే ఫ్రాన్సున మోరిస్ ఫ్రేషే యిట్టి ఫలితమునే ప్రకటించియుండెను. 1945లో దార్మ్వా దానిని విస్తరించెను. 1946లో స్వీడనుకు చెందిన హెరాల్డ్ క్రామేర్ తన గ్రంథమున దీనిని నిరూపించెను. కోషీ–ష్వార్జ్ అసమానత నొక్కమారు ప్రయోగించిన సిద్ధించు నిరూపణ మగుటచే, ఫిషర్ భావనలను మథించుచున్న పలువురకు నది వేర్వేరుగా తోచుట వింత గాదు. యుద్ధకాలమగుటచే ఒకరి వ్రాత లొకరికి చేరుటయు దుర్లభమయ్యెను. సాంఖ్యకవేత్త నేమన్ దీనికి క్రామేర్–రావు అని నామకరణము చేయగా, 1954లో మఱియొక సాంఖ్యకవేత్త సావేజ్ పూర్వుల కన్యాయము జరుగరాదని తలంచి, వ్యక్తినామము లేని ‘సమాచార అసమానత’ యను పేరును సూచించెను.

రావుగారి యా వ్యాసమునందే, స్థూలమైన అంచనాను పర్యాప్త సాంఖ్యకమునుబట్టి సగటుచేసి మెఱుగుపఱచు విధానము గూడ కలదు. 1947లో డేవిడ్ బ్లాక్‌వెల్ స్వతంత్రముగా దానిని కనుగొనగా, తొలుత కొందరు బ్లాక్‌వెల్ పేరుతోడనే వ్యవహరించిరి. పిమ్మటనే రావు–బ్లాక్‌వెల్ అనునది స్థిరపడెను. అనగా ఒక సిద్ధాంతమున పూర్వుని పేరు మఱుగుపడగా లాభపడిన రావుగారే, మఱియొక సిద్ధాంతమున తామే యట్టి మఱుగునకు లోనైరి.

2023లో నూటరెండేండ్ల వయస్సున ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము లభించుటకు ప్రధానకారణ మా 1945 నాటి వ్యాసమే. కాలమున ఫ్రేషే ముందని యంగీకరించినంతమాత్రమున రావుగారి స్వతంత్రప్రతిభకు లోపము రాదు. కావున మన పాఠ్యపుస్తకములు నలుగురి పేర్లను వారివారి సంవత్సరములతో ముద్రించి, దండేకర్ ప్రశ్నను గూడ చేర్చవలెను. తరగతిలో నడిగిన సరియైన ప్రశ్న యెంతటి సిద్ధాంతమునకు మూలము కాగలదో మన విద్యార్థు లెఱుగుట కది యత్యంతావశ్యకము.