లైంగిక దాడి బాధితుల కౌన్సెలింగ్ : గోప్యతకు చట్టంలో ఉన్న రక్షణలు, పరిమితులు

లైంగిక దాడికి గురైన మహిళ తొలిసారి మనసు విప్పి మాట్లాడేది తరచుగా కౌన్సెలర్ వద్దనే. ఆ మాటలు బయటకు పొక్కవన్న భరోసా లేనప్పుడు ఆమె సహాయ కేంద్రం గడప తొక్కడానికే వెనుకాడుతుంది. ఈ విషయమై ప్రస్తుతం అమలులో ఉన్న నిబంధనలను పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ క్రోడీకరించడమైనది.

గుర్తింపు గోప్యత : బాధితురాలి పేరును గానీ, ఆమెను పోల్చుకొనుటకు వీలు కలిగించే ఏ వివరాన్ని గానీ ప్రచురించడం నేరం. 1983లో భారతీయ శిక్షాస్మృతిలో చేర్చిన 228-ఎ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ అమలులోకి వచ్చింది. ఇందుకు రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. ఊరు, బంధువులు, చదువుకునే కళాశాల వంటి వివరాల ద్వారా పరోక్షంగానైనా గుర్తింపు వెల్లడి కారాదని నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 11న స్పష్టం చేసింది. అత్యాచారం, పోక్సో కేసుల ఎఫ్.ఐ.ఆర్.లను ప్రజలకు అందుబాటులో ఉంచరాదని కూడా ఆదేశించింది. 2019 నవంబరులో శంషాబాద్ సమీపాన జరిగిన ఘటనలో బాధితురాలిని 'దిశ'గా పేర్కొనవలసిందిగా పోలీసులు కోరడం ఈ నిబంధనకు అనుగుణంగానే.

కౌన్సెలింగ్ రికార్డులు : మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ చికిత్స వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. రోగి సమ్మతి లేనిదే ఆ సమాచారాన్ని మీడియాకు ఇవ్వరాదని 24వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ప్రాణాపాయ నివారణ, హైకోర్టు లేక సుప్రీంకోర్టు ఉత్తర్వు వంటి సందర్భాలకు మినహాయింపు ఉంది.

అయితే న్యాయవాదికి, కక్షిదారుకు మధ్య సంభాషణలకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ కల్పించిన రక్షణ వంటిది కౌన్సెలర్లకు ప్రత్యేకంగా లేదు. అవసరమైన పత్రాలను తెప్పించుకునే అధికారం న్యాయస్థానానికి నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ ప్రకారం ఉంది. కెనడాలో 1997 నుండి నిందితుడు ఇటువంటి రికార్డులు కోరాలంటే ముందుగా న్యాయమూర్తికి ప్రత్యేకంగా దరఖాస్తు చేసుకోవాలి. మన చట్టంలో అటువంటి ప్రత్యేక విధానం లేనందున, కౌన్సెలర్లు నమోదు పుస్తకాలలో అవసరమైన మేరకే వివరాలు రాయడం, వాటిని తాళం వేసి భద్రపరచడం ఎంతో ముఖ్యం.

బాలల విషయంలో : బాధితులు పద్దెనిమిదేళ్ల లోపు వారైతే పూర్తి గోప్యత వాగ్దానం చేయరాదు. నేరం జరిగినట్లు తెలిసిన ఏ వ్యక్తి అయినా, కౌన్సెలర్‌తో సహా, పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. తెలియజేయకపోవడం 21వ సెక్షన్ క్రింద శిక్షార్హం. ఈ సంగతిని సంభాషణ ఆరంభంలోనే బిడ్డకు అర్థమయ్యే మాటలలో చెప్పాలి. మీడియాకు వర్తించే ఆంక్షలు 23వ సెక్షన్‌లో ఉన్నాయి.

న్యాయస్థానంలో : అత్యాచార కేసుల విచారణ నాగరిక సురక్షా సంహిత 366వ సెక్షన్ ప్రకారం ఇన్ కెమెరా జరుగుతుంది. బాధితురాలి గత లైంగిక జీవితాన్ని ఆమె సమ్మతికి సాక్ష్యంగా చూపరాదని సాక్ష్య అధినియమం 48వ సెక్షన్ చెబుతున్నది.

వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకేచోట అందించే సఖి కేంద్రాల పథకం 2015 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. సహాయం కోసం మహిళలు 181, బాలలు 1098, ఉచిత న్యాయ సేవలకు 15100 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.