కలుషిత భూగర్భ జలాల్లో ఆర్గాన్ చెప్పే సాక్ష్యం

వాననీరు నేలలోకి ఇంకేటప్పుడు గాలిలోని వాయువులను కొంత కరిగించుకుని వెంట తీసుకుపోతుంది. వాటిలో ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు వాడుకుంటాయి. ఆర్గాన్, నియాన్ వంటి జడవాయువులు మాత్రం నేలలోని రసాయన చర్యల్లో పాల్గొనవు. నీరు ఇంకిన నాటి ఉష్ణోగ్రత, వాతావరణ పీడనాలను బట్టి ఇవి ఎంత మేరకు కరిగి ఉండాలో లెక్కగట్టవచ్చు. ఆ లెక్కకూ బావి నీటిలో దొరికిన కొలతకూ మధ్య తేడా ఉంటే దానికి కారణం రసాయన చర్య కాదు. వాయువు బుడగలుగా పైకి పోవడమో, అదనపు గాలి నీటిలో చేరడమో జరిగి ఉండాలి. సహజ వాయు సూచికల పద్ధతికి ఆధారం ఇదే. బయటి నుంచి రంగునో ఉప్పునో కలపవలసిన పని లేదు.

కాలుష్య గాఢత తగ్గిందన్న ఒక్క అంకెను బట్టి ఆ పదార్థం విచ్ఛిన్నమైందో, పలుచబడిందో, మరో చోటికి తరలిపోయిందో తెలియదు. కలుషిత నేలను తవ్వి తీయాలా, ప్రకృతికే వదిలి పర్యవేక్షించాలా అన్న నిర్ణయం మాత్రం ఆ తేడాపైనే ఆధారపడి ఉంటుంది.

ఈ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, బెమిడ్జి పట్టణ సమీపంలోని చమురు ప్రమాద స్థలం. 1979 ఆగస్టు 20న అక్కడ పైపులైను పగిలి దాదాపు 17 లక్షల లీటర్ల ముడిచమురు ఒలికింది. శుభ్రపరచగా మిగిలిన సుమారు 4 లక్షల లీటర్లు నేలలోనే ఉండిపోయాయి. 1983 నుంచి అమెరికా భూవైజ్ఞానిక సర్వే సంస్థ ఆ స్థలాన్ని బహిరంగ ప్రయోగశాలగా అధ్యయనం చేస్తోంది.

ఆక్సిజన్ అడుగంటిన చోట సూక్ష్మజీవులు చమురును మీథేన్‌గా మారుస్తాయి. నీటిలో కరిగిన వాయువుల మొత్తం పీడనం అక్కడి నీటి పీడనాన్ని మించితే బుడగలు ఏర్పడతాయి. అవి పైకి పోతూ ఆర్గాన్, నైట్రోజన్‌లను కూడా లాక్కుపోతాయి. కాబట్టి ఆర్గాన్ ఎంత తగ్గిందో చూస్తే ఎంత వాయువు బుడగలుగా వెలుపలికి పోయిందో అంచనా కట్టవచ్చు. 2005లో వెలువడిన అధ్యయనం బెమిడ్జిలో ఈ లెక్కనే ఆచరణలో చూపింది.

నీటిమట్టానికి పైనున్న మట్టి పొరల్లో కథ మరింత ఆసక్తికరం. మీథేన్ పుట్టే చోట కొత్త వాయువు చేరి ఆర్గాన్‌ను పక్కకు నెడుతుంది. ఆ మీథేన్ ఆక్సిజన్‌తో కలిసి కాలిపోయే చోట మూడు పాళ్ల వాయువు నుంచి ఒక పాలు కార్బన్ డయాక్సైడ్ మాత్రమే మిగులుతుంది, తక్కినది నీరవుతుంది. ఆ లోటును పూడ్చడానికి చుట్టుపక్కల గాలి లోపలికి వస్తుంది. దానితో వచ్చిన ఆర్గాన్ ఖర్చు కాక అక్కడే పేరుకుంటుంది. అంటే ఆర్గాన్ కొరత మీథేన్ పుట్టుకనూ, మిగులు మీథేన్ వినాశాన్నీ సూచిస్తాయి.

నైట్రోజన్‌ను మాత్రం పూర్తిగా నమ్మడానికి లేదు. బెమిడ్జి చమురు దగ్గర అది ఆర్గాన్ కన్నా స్వల్పంగా ఎక్కువ తగ్గింది. సూక్ష్మజీవులు నైట్రోజన్ స్థాపన సాగిస్తున్నాయనడానికి ఇది ఒక సూచన.

ఇదే గుణం నైట్రేట్ సమస్యలో ఉపయోగపడుతుంది. ఎరువులు, మురుగునీటి వల్ల ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని పలు ప్రాంతాల భూగర్భ జలాల్లో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల ప్రమాణాన్ని మించుతోంది. నైట్రేట్ తగ్గిన బావిలో ఆర్గాన్‌తో పోల్చినప్పుడు నైట్రోజన్ మిగులుగా కనిపిస్తే, బాక్టీరియా దానిని వాయువుగా మార్చినట్లు. మిగులు లేకపోతే అది కేవలం పలుచబడి ఉండవచ్చు.

నీటి వయసు తెలిపేందుకు హీలియం తోడ్పడుతుంది. 12.3 ఏళ్ల అర్ధాయువు గల ట్రిటియం క్షీణించి హీలియం-3గా మారుతుంది. ఈ రెండింటి నిష్పత్తితో బంగ్లాదేశ్‌లోని ఆరాయిహజార్ ప్రాంతంలో లోతు తక్కువ బావులను పరిశీలించగా, నీటి వయసు పెరిగేకొద్దీ ఆర్సెనిక్ గాఢత కూడా పెరుగుతున్నట్లు తేలింది.

అయితే నమూనా సేకరణే ఇక్కడ కష్టమైన భాగం. మామూలు సీసాలో పడితే వాయువులు తప్పించుకుపోతాయి. పంపు చప్పరింపుకే బుడగలు పుట్టవచ్చు. అందుకే హీలియం వంటి జడవాయువుల కోసం నీటిని రాగి గొట్టంలోకి పారించి, రెండు చివరలూ బిగించి ప్రయోగశాలకు పంపుతారు. ఒక్క గాలి బుడగ లోపల చిక్కినా ఆ నమూనాను పారబోసి మళ్లీ తీయవలసిందే.