గోదావరి గేజీ నుంచి డాబా మీద ట్యాంకు దాకా

వానాకాలంలో రేడియో వార్తలు వినే ప్రతి ఇంట్లోనూ ఒక అంకె వినిపిస్తూ వుంటుంది. “భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం ఇన్ని అడుగులు” అని. ఖమ్మంలో కూర్చుని కూరలు తరుక్కునే మనకు ఆ అంకెతో పనేమిటని అనిపించవచ్చు. కాని బూర్గంపాడులోనో, చర్లలోనో, దుమ్ముగూడెంలోనో పుట్టిల్లు వున్న ఆడపిల్లకి ఆ మాట చెవిన పడితే చేతిలో పని ఆగిపోతుంది. 43 అడుగులంటే మొదటి హెచ్చరిక, 48 అంటే రెండోది, 53 అంటే మూడోది. మూడోది వచ్చిందంటే లోతట్టున వున్నవాళ్లు మూటా ముల్లే సర్దుకోవలసిందే.

ఇవాళ మీకు చెప్పదలచుకున్నది ఆ అంకె కథ. దాంతోపాటు ఈమధ్య మన డాబాల మీద ట్యాంకులకి బిగిస్తున్న ఆటోమేటిక్ పెట్టెల సంగతి కూడా కలిపి చెబుతాను. ఎందుకంటారా? రెండూ ఒకటే గనక. నీళ్లు ఎంత వున్నాయో కనిపెట్టేది ఒకటి, ఆ కబురు విని పని చేసేది ఇంకొకటి. మొదటిదాన్ని సెన్సరు అంటున్నారు, రెండోదాన్ని కంట్రోలరు అంటున్నారు. పేర్లు కొత్తవి గాని పని పాతదే.

ఎంత పాతదంటే, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో క్టెసిబియస్ అనే ఆయన నీటి గడియారం చేశాడు. నీళ్లు సమంగా పడాలి, లేకపోతే గడియారం తప్పు చెబుతుంది. అందుకని తొట్టిలో ఒక తేలే బిరడా పెట్టాడు. నీళ్లు పెరిగితే అది పైకి తేలి దారి మూసేస్తుంది, తగ్గితే కిందికి దిగి దారి వదులుతుంది. మన ఇంట్లో ఫ్లష్ ట్యాంకులో తేలే బంతి దాని మునిమనవరాలే అనుకోండి. పదిహేడో శతాబ్దంలో డచ్చి దేశస్థుడు డ్రెబెల్ కోడిగుడ్లు పొదిగే పెట్టెలో వేడి తనంతట తనే సర్దుకునే ఏర్పాటు చేశాడు. 1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రం వేగం హద్దు మీరకుండా తిరిగే గుళ్లు బిగించాడు. ఇక 1883లో అమెరికాలో వారెన్ జాన్సన్ అనే పంతులుగారు. బడి నౌకరు మాటిమాటికీ తరగతిలోకి వచ్చి థర్మామీటరు చూసిపోతూ పాఠానికి అడ్డం తగులుతున్నాడని విసుగెత్తి, గదిలో వేడి ఎంత వుందో కింద కొలిమి దగ్గరికి విద్యుత్తు ద్వారా కబురు పంపే థర్మోస్టాటుకి పేటెంటు పుచ్చుకున్నారు. పంతులుగారి విసుగు లోకానికి మేలైంది. ఇల్లంతా ఒక మీట మీద నడపాలన్న ముచ్చట ఇంకా తరవాతది. 1975లో స్కాట్‌లాండులోని పికో ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఇంట్లో వున్న కరెంటు తీగల మీదే సంకేతాలు పంపి దీపాలు వేసి ఆర్పే ఎక్స్ టెన్ పద్ధతి కనిపెట్టారు.

అదంతా పైదేశాల మాట. మన గోదావరికి వద్దాం.

మన ఏజెన్సీ ఒడ్డున నదిని కనిపెట్టి చూడడం దొరలతో మొదలు కాలేదు. పర్ణశాలలో సీతమ్మ నారచీరలు ఆరేసిన చోటని చూపిస్తారే, అది నీట మునిగిందంటే గోదారి పెరుగుతోందని ఇప్పటికీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు, పత్రికలూ రాస్తాయి. భద్రాచలంలో స్నానఘట్టాల మెట్లు ఎన్ని మునిగాయి, కల్యాణకట్ట దాకా వచ్చిందా అని అడగడం కూడా అలాంటిదే. కదలని గుర్తు ఒకటి వుండాలి, దాని పక్కన కదిలే నీటిని చూడాలి. అంతకంటే సెన్సరుకి వేరే అర్థం లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక, ఎగువ గోదావరిలో పడవలు నడపాలనే యోచనతో హేగ్ దొర ఆధ్వర్యాన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవల లాకులు కట్టారు. ఖర్చు తడిసి మోపెడై 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. పడవలు పోయినా ఆనకట్ట మిగిలింది. స్వతంత్రం వచ్చాక వరదని ముందే చెప్పే పని కేంద్ర జలసంఘం చేతికి వచ్చింది. 1958లో ఢిల్లీలో యమునా నదితో మొదలుపెట్టి, తరవాత దేశంలోని పెద్ద నదులన్నిటికీ ఆ ఏర్పాటు విస్తరించారు. మన వైపు పేరూరు, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, శబరి మీద కుంట, ఇవన్నీ నీటిమట్టం కొలిచే చోట్లే. వరద రోజుల్లో గంట గంటకీ కొలత తీసి పంపుతారు. అర్ధరాత్రి, జోరువాన, చేతిలో టార్చిలైటు. ఆ కొలత తీసిన మనిషి పేరు మనకెప్పుడూ తెలియదు.

ఒక సంగతి చాలామంది పొరబడతారు. 43 అడుగులంటే ఊళ్లో 43 అడుగుల నీళ్లని కాదు. గేజీకి ఒక సున్నా గుర్తు వుంటుంది, అక్కణ్ణించి లెక్క. ఆ సున్నాని జరపరు. అందుచేతనే ఏ ఏడాది వరదనైనా ఇంకో ఏడాదితో పోల్చగలుగుతున్నాం. 1986 ఆగస్టు 16న భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులకి చేరింది. ప్రవాహం 27 లక్షల క్యూసెక్కులు. మూడో హెచ్చరిక దాటి ఇంకా 22 అడుగులన్నమాట. అప్పటికి ఊరికి కరకట్ట లేదు. ఊరు చాలావరకు నీళ్లపాలైంది. ఆ వరదే కిందికి దిగి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1990 ఆగస్టులో 70.8 అడుగులు వచ్చింది. 2022 జూలై 16న 71.3 అడుగులు. ఆ సారి 1965లో కట్టిన వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 86 తరవాత అంత నీరు మళ్లీ అదే. అంకెలు చూస్తే 4 అడుగుల తేడా, అంతేనా అనిపిస్తుంది. ఇంట్లో గోడ మీద 4 అడుగులు కొలిచి చూడండి, పప్పుల డబ్బాల అలమర ఎక్కడికి వస్తుందో.

అంకె ఒక్కటే చాలదు మరి. పెరుగుతోందా, తగ్గుతోందా, నిలకడగా వుందా అని కూడా అడగాలి. 45 అడుగులుండి తగ్గుతూంటే నిద్రపోవచ్చు. 41 వుండి గంటకో అడుగు పెరుగుతూంటే నిద్ర పట్టకూడదు. పైన ఇంద్రావతి, ప్రాణహిత ఏం చేస్తున్నాయో పేరూరు చెబుతుంది. కింద కూనవరం దగ్గర శబరి పోటెత్తితే గోదారి నీళ్లు దిగవు, వెనక్కి తన్నుతాయి. అంచేత ఒక్క చోట సెన్సరు పెట్టి లాభం లేదు, పైనా కిందా కూడా వుండాలి. ఇప్పుడు మనిషి చూడకుండానే నీటిమట్టాన్ని రాడారు కిరణంతో కొలిచి ఉపగ్రహం ద్వారా పంపే యంత్రాలు జలసంఘం వాడుతోంది. అయినా గోడ మీద రంగుతో రాసిన అంకెలు చెరిపేయలేదు. యంత్రం మాట నిజమో కాదో తేల్చేది ఆ అంకెలే.

ఇది కనిపెట్టే కన్ను సంగతి. పని చేసే చెయ్యి సంగతి వేరు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకి పట్టలేనంత వరద వచ్చింది. నీళ్లు వస్తున్నాయని అందరికీ తెలుసు, కాని 18 గేట్లలో ఒకటి లేవనంది. ఆ రాత్రి కట్ట నిలిచింది, అదృష్టం. 2024 జూలై 18న మన అశ్వారావుపేట మండలంలో గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు కట్టకి ఆ అదృష్టం లేకపోయింది. మూడు గేట్లలో ఒకటి సరిగా పైకి లేవలేదని పత్రికలు రాశాయి. కట్ట తెగి కింద పొలాలు, ఊళ్లు కొట్టుకుపోయాయి. కన్ను బాగానే వుండి చెయ్యి పడిపోతే ఎలా వుంటుందో మనవాళ్లకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. భద్రాచలంలో ఇప్పుడు కరకట్ట వుంది. అయితే గోదారి పెరిగినప్పుడు స్లూయిస్ తలుపులు మూయాలి, లేకపోతే నది ఊళ్లోకి వస్తుంది. మూస్తే ఊళ్లో పడ్డ వాన బయటికి పోదు, మోటార్లతో తోడి పొయ్యాలి. తలుపూ మోటారూ రెండూ వేళకి పనిచెయ్యాలి.

ఇప్పుడు డాబా ఎక్కుదాం.

ఏ ఇంట్లోనైనా మోటారు వెయ్యడం, ఆపడం ఆడవాళ్ల లెక్కలోకే వస్తుంది. ట్యాంకు నిండి సన్‌షేడు మీంచి నీళ్లు కారితే ఎదురింటివాళ్లు పిలిచేది మనల్నే గదా! అందుకే ఆటోమేటిక్ పెట్టె అంటే మనకి మోజు. కొనేముందు ఏం చూడాలి? ట్యాంకులో పెట్టే సెన్సర్లు ముఖ్యంగా మూడు రకాలు. తీగకి వేలాడే తేలుబిరడా, అదే ఫ్లోట్ స్విచ్. నీళ్లలోకి దిగే స్టీలు కడ్డీలు. మూతకి బిగించి పైనుంచే శబ్దతరంగాలతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్.

నా ఓటు బిరడాకే. చవక, మోటు, పల్లెటూరి ఎలక్ట్రీషియను కూడా మార్చగలడు. దానికున్న జబ్బు ఒకటే, తీగ గొట్టానికి చుట్టుకుపోతుంది. కడ్డీలు చూడ్డానికి నాజూకు, కాని బోరు నీళ్లలో సున్నం వుంటే కొద్దినెలల్లో తెల్లటి పొర కడుతుంది. ఇడ్లీపాత్ర అడుగు చూడండి, అదే పొర. అప్పుడు ట్యాంకు నిండినా కడ్డీకి నీళ్లు తగలనట్టే వుంటుంది, మోటారు ఆగదు. నిమ్మరసమో వెనిగరో పెట్టి తుడిస్తే మళ్లీ పనిచేస్తుంది. కడ్డీల్లో ఎప్పుడూ ఒకే వైపు కరెంటు పారే నాసిరకం పెట్టెలైతే కడ్డీ తినేస్తుంది కూడా. ఇక అల్ట్రాసోనిక్‌కి నీళ్లు తగలవు, పొర బాధ లేదు. ఎండాకాలం మూత లోపల ఆవిరి చెమటబొట్లుగా పట్టినా, సాలెగూడు కట్టినా తప్పు లెక్క చెబుతుంది.

సెన్సరు ఏదైనా సరే, ఆన్ అయ్యే గుర్తుకీ ఆగే గుర్తుకీ మధ్య ఎడం వుండాలి. ఒకే గుర్తు పెడితే, నీళ్లు ఇంత తగ్గగానే మోటారు వేస్తుంది, ఇంత పెరగగానే ఆపుతుంది, మళ్లీ వేస్తుంది. టకటకా కొట్టుకుని మోటారు వైండింగు కాలిపోతుంది. ఫ్రిజ్ మోటారు కాసేపు నడిచి కాసేపు ఆగడం ఆ ఎడం వల్లనే. సంపులోనో బోరులోనో నీళ్లు లేనప్పుడు మోటారుని ఆపేది కూడా వుందా అని అడగండి. వేసవిలో మన వైపు అదే ముఖ్యం.

ఇప్పుడు పిల్లలు తెచ్చే ఫోనుతో నడిచే ప్లగ్గుల సంగతి. ఒక హార్స్‌పవర్ మోటారు మామూలుగా 5, 6 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. చిన్న ప్లగ్గు లోపలి రిలే ఆ దెబ్బకి అంటుకుపోతుంది. అప్పుడు ఫోనులో ఆపితే ఆగినట్టే చూపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే వుంటుంది. మోటారుకి కాంటాక్టరో స్టార్టరో పెట్టించి, ప్లగ్గుతో దాన్ని మాత్రమే కదిలించాలి.

చెడిపోయినప్పుడు ఏం చెయ్యాలి? ముందు కంట్రోలరు పెట్టె విప్పకండి. మూత తీసి ట్యాంకు కళ్లతో చూడండి, గోడ మీది గేజీ చూసినట్టు. నిజంగా నీళ్లెంత? పెట్టె ఎంత అంటోంది? రెండూ ఒకటైతే కన్ను బాగుంది, తప్పు చెయ్యిది, అంటే రిలేదో స్టార్టరుదో మోటారుదో. తేడా వస్తే తప్పు సెన్సరుదో తీగదో. మెయిన్ ఆపించి, పొడి చేతులతో, బిరడాని పైకి ఎత్తి దించండి. లోపల టిక్కుమని వినిపించాలి. వినిపించకపోతే మార్చడమే. వినిపిస్తే డాబా మీంచి దిగే తీగని చూడండి. ఎండకి తొడుగు పగిలి, ఉడతలు కొరికి, జాయింటులో వాన నీరు చేరి వుంటుంది. నూటికి సగం జబ్బులు అక్కడే వుంటాయని మంచి మెకానిక్కులు చెబుతారు. అక్కడా ఏమీ లేకపోతే అప్పుడు పెట్టె దగ్గరికి రండి. అది మాత్రం ఎలక్ట్రీషియను పని, మీరు చెయ్యి పెట్టవద్దు.

గీజరు విషయం ఒక్క మాట. అందులో వేడి సర్దే థర్మోస్టాటు కాక, అది చెడితే కాపాడడానికి కటౌట్ అని ఇంకొకటి వుంటుంది. ఆ కటౌట్ ఒకసారి పడితే పడింది, మాటిమాటికీ పడుతూంటే బటను నొక్కి మళ్లీ వాడకండి. అది మూడో హెచ్చరిక లాంటిది. మొదటిది, అంటే థర్మోస్టాటు, ఎప్పుడో పోయి వుంటుంది.

కొత్త పెట్టె బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్ని ఒకటి అడగండి. సెన్సరూ కంట్రోలరూ రెండూ పక్కన పెట్టి, చేత్తో మోటారు వేసి ఆపే మామూలు స్విచ్చి కూడా వుంచమనండి. అదెందుకమ్మా, ఆటోమేటిక్ కదా అంటాడు. వుంచమనండి. అదీ అటక మీద కాదు, మీ చేతికి అందే ఎత్తులో.