వాట్లు అడగాల్సిన రోజు ఎలా వచ్చింది

మోసుకుపోయే కంప్యూటర్‌ను మార్కెట్లో మొదట నిలబెట్టిన మనిషి అరుణాచలంలో పెరిగాడంటే మా దగ్గరకొచ్చే ఇంజినీరింగ్ పిల్లలు నమ్మరు. ఆడమ్ ఆస్బర్న్ తండ్రి ఆర్థర్ ఆస్బర్న్ రమణ మహర్షి భక్తుడు, ఆయన మీద పుస్తకాలు రాసినవాడు. అందుకే కొడుకు బాల్యం అరుణాచలంలో, అంటే తిరువణ్ణామలైలో గడిచింది. ఆ కొడుకే 1981లో అమెరికాలో ఆస్బర్న్-1 తెచ్చాడు. దాదాపు 11 కిలోల బరువు, 5 అంగుళాల తెర, ధర 1,795 డాలర్లు. బ్యాటరీ లేదు. ఎక్కడికి మోసుకెళ్లినా ప్లగ్ పాయింట్ వెతుక్కోవాల్సిందే. రెండేళ్లకే, 1983లో కంపెనీ దివాలా తీసింది. ఆస్బర్న్ చివరి రోజుల్లో మళ్లీ తమిళనాడుకే వచ్చి 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

ఆటల సంగతి అప్పుడే మొదలైంది. 1982 చివర్లో కాంపాక్ కంపెనీ పన్నెండు కిలోలు దాటే పోర్టబుల్ ప్రకటించింది. ఐబీఎం పీసీలో నడిచేదల్లా అందులోనూ నడుస్తుందని చెప్పుకుంది. ఆ రోజుల్లో ఇలాంటి మాట నిజమో కాదో తేల్చడానికి జనం వాడిన పరీక్ష మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. విమానం ఎగిరితే మెషిన్ పాసైనట్టే. ఆఫీసు పనికోసం కొన్న కంప్యూటర్ సత్తా చూడటానికి కూడా ఆట పెట్టి చూడటం మొదటినుంచీ ఉంది. నేను ఈ రోజుకీ సర్వీసు చేసిన ల్యాప్‌టాప్‌ను కస్టమర్ చేతిలో పెట్టేముందు ఒక గేమ్ అరగంట నడిపి చూస్తాను. దాచిన రోగమేదైనా ఉంటే అప్పుడు బయటపడుతుంది.

నా పని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తి పేరు ఎవరూ అనరు, సీటీసీ అంటేనే ఆటో అన్న దింపుతాడు. అసెంబుల్డ్ పీసీల కాలంలో ఆ మెట్లమీద మానిటర్ డబ్బాలు భుజాన పెట్టుకుని దిగే జనంతో దారి దొరికేది కాదు. నాటి పిల్లలకు ల్యాప్‌టాప్ మీద ఆట అనే ఆలోచనే లేదు. రోడ్ రాష్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, తర్వాత వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ అన్నీ డెస్క్‌టాప్ మీదో, గంటకింత అని ఇచ్చే నెట్ సెంటర్లోనో ఆడినవే. 90ల నాటి చవక ల్యాప్‌టాప్‌ల తెరల మీద మౌస్ గబుక్కున కదిపితే బాణం కాసేపు మాయమయ్యేది. కదిలే బొమ్మ వెనకాల చార మిగిలేది. అలాంటి తెరమీద కారు రేసు ఆడటం కుదరని పని.

2000 నవంబర్లో ఎన్విడియా జీఫోర్స్ 2 గో అనే చిప్ తెచ్చింది. ల్యాప్‌టాప్ కోసమని ఆ కంపెనీ చేసిన మొదటి గ్రాఫిక్స్ చిప్ అది, ముందుగా తోషిబా ల్యాప్‌టాప్‌లో వచ్చింది. దారి తెరుచుకుంది కానీ ఆ తర్వాత కొన్నేళ్లు కంపెనీలు తొక్కింది మొరటు దారి. డెస్క్‌టాప్ పెంటియమ్ 4నే తెచ్చి ల్యాప్‌టాప్ బాడీలో కూర్చోబెట్టారు. అమెరికాలో ఏలియన్‌వేర్ లాంటి కంపెనీలు అమ్మిన ఆ మెషిన్లు నాలుగు కిలోల దగ్గర తూగేవి. ఒళ్లో పెట్టుకుంటే కాలేది. బ్యాటరీ గంట నిలిస్తే గొప్ప. మన దగ్గరికి అవి ఎక్కువగా అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో దిగేవి. ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్‌కు డ్యూటీ లేకపోవడం మన తెలుగు ఇళ్లకు బాగా కలిసొచ్చింది. ప్రతి ఎండాకాలం సెలవుల తర్వాత మా టేబుల్ మీద ఇక్కడ వారంటీ చెల్లని మెషిన్లు వరుసకట్టేవి.

ల్యాప్‌టాప్ విప్పి చూడనివాళ్లకు ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి, ఎందుకంటే గేమింగ్ ల్యాప్‌టాప్ చరిత్ర అంతా నా లెక్కలో వేడి చరిత్రే. చిప్ తిన్న కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికి రావాలి. మన ఇళ్లలో ఒకప్పుడు వెలిగిన వంద వాట్ల బల్బును పట్టుకుంటే చెయ్యి కాలేది. అంత వేడీ చిన్నపాటి చిప్ లోంచి, రెండు సెంటీమీటర్ల మందం లేని పెట్టెలోంచి వెళ్లాలి. బేస్ స్క్రూలు తీస్తే కనిపించేది ఇది: చిప్ మీద పల్చని పేస్ట్, దానిమీద రాగి పలక, పలక నుంచి ఫ్యాన్ దాకా వంకర తిరిగిన రాగి గొట్టాలు, చివర్న దువ్వెన పళ్లంత దగ్గరగా పేర్చిన రేకులు. ఆ గొట్టం గట్టి రాగి కడ్డీ అనుకుంటారు. కాదు, లోపల బోలు. గాలి తీసేసి కొద్దిపాటి నీళ్లు పోసి మూసేస్తారు. చిప్ దగ్గర నీరు ఆవిరై రెండో కొసకు పరుగెత్తుతుంది, అక్కడ చల్లబడి నీరై, గొట్టం లోపలి గోడకున్న సన్నని రాగి పొర గుండా వెనక్కి పాకుతుంది. అమెరికా లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో దీన్ని చేసి చూపించాడు. ఆ పనితనం ఇప్పుడు ప్రతి హాస్టల్ గదిలోనూ ఉంది.

గొట్టాన్ని ఎంత చదును చేస్తే ల్యాప్‌టాప్ అంత పలచనవుతుంది. కానీ చదును చేసేకొద్దీ ఆవిరికి దారి ఇరుకై అది మోసే వేడి తగ్గిపోతుంది. తేలిగ్గా, పలచగా ఉండి ధర కూడా తక్కువుండాలంటే చిప్ తక్కువ తినాలి, వేరే ఉపాయం లేదు.

ఆ సంగతి మొదట ధైర్యంగా అమ్మిచూపింది 2010లో వచ్చిన ఏలియన్‌వేర్ ఎమ్11ఎక్స్. 11.6 అంగుళాల తెర, రెండు కిలోల బరువు, అమెరికాలో 799 డాలర్ల నుంచి ధర. ప్రాసెసర్ చాలా నెమ్మది రకం, గ్రాఫిక్స్ మాత్రం గట్టిది. ఆ చిన్న మెషిన్ అంటే నాకు ఇప్పటికీ ఇష్టం, ఎవరికోసం చేస్తున్నారో తెలిసి చేశారు. అదే ఏడాది ఎన్విడియా ఆప్టిమస్ తెచ్చింది. మామూలు పనికి ప్రాసెసర్లోని చిన్న గ్రాఫిక్స్, ఆట మొదలుపెడితే పెద్ద చిప్, మార్పు దానంతటదే. క్లాసులో నాలుగైదు గంటలు బ్యాటరీ నిలవడం అప్పటినుంచే గేమింగ్ మెషిన్లకు సాధ్యమైంది.

అసలు మలుపు 2014, 2015ల్లో ఎన్విడియా మాక్స్‌వెల్ చిప్‌లతో వచ్చింది. అదే కరెంటుతో పాతవాటికి రెట్టింపు పని. 2015 చివర్లో జీటీఎక్స్ 960ఎమ్ ఉన్న డెల్ ఇన్‌స్పిరాన్ 7559 అమెరికాలో 799 డాలర్లకే దొరికింది. 2017కల్లా జీటీఎక్స్ 1050తో మన దగ్గరా డెబ్బై, ఎనభై వేల మధ్య మెషిన్లు కనిపించాయి. కరీంనగర్, ఖమ్మం, నల్గొండ నుంచి తండ్రీకొడుకులు బస్సు దిగి రావడం అప్పుడు చూశాను. తండ్రి ముందుకొచ్చి, "సార్, మావోడు సీఎస్‌ఈ. క్లాసుకు మోసుకపోవాలె. ధర చూసి మంచిది చెప్పుండ్రి" అంటాడు. ఆయన ఫోన్ మాట్లాడటానికి పక్కకు వెళ్లగానే కొడుకు గొంతు తగ్గించి, "అన్నా, జీటీఏ ఫైవ్ ఆడుతది గదా?" ఇద్దరి అవసరమూ న్యాయమైనదే. ఆ ఒక్క పెట్టె నాలుగేళ్లు చదువుకూ, ఆటకూ, ప్రాజెక్టుకూ సరిపోవాలి.

2017లోనే ఎన్విడియా నుంచి మాక్స్-క్యూ అనే పద్ధతి వచ్చింది. చివరి కొద్దిపాటి వేగం కోసం చిప్ తినే కరెంటు చాలా ఎక్కువ. ఆ కొసరు వదిలేస్తే పెద్ద చిప్ కూడా పలచని పెట్టెలో ఇముడుతుంది. మంచి ఆలోచన. ఆసుస్ జెఫిరస్ జీటీఎక్స్ 1080ని 18 మిల్లీమీటర్ల లోపు పెట్టెలో పెట్టింది. 2020లో ఏఎమ్‌డీ రైజెన్ 4000 ప్రాసెసర్లతో వచ్చిన జెఫిరస్ జీ14 అయితే 14 అంగుళాలు, 1.6 కిలోలు. ఊళ్లన్నీ ఆన్‌లైన్ క్లాసులకు తిరిగిన ఏడాదే అది, దానికేమో వెబ్‌క్యామ్ లేదు! అయినా గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే బండబరువు అన్న మాటకు అక్కడితో కాలం చెల్లింది.

కొనేవాడికి కష్టం మొదలైంది 2021లో. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 వరుస చిప్‌లు వచ్చినప్పుడు మాక్స్-క్యూ అన్న తోక పేరులోంచి పోయింది. ఆర్‌టీఎక్స్ 3060 అని ఒకే పేరున్న చిప్‌కు 60 వాట్లిచ్చిన ల్యాప్‌టాప్ ఉంది, 115 ఇచ్చినదీ ఉంది. స్టిక్కర్ ఒకటే, ఆట నడక వేరు. విమర్శలొచ్చాక వాట్లు వివరాల్లో రాయాలని ఎన్విడియా తయారీదారులకు చెప్పింది. కానీ ఆ అంకె ఎక్కడో స్పెసిఫికేషన్ల అడుగున ఉంటుంది, డబ్బా మీద కాదు. ఇది నాకు బాధగా ఉంటుంది. ఏడాది కౌలు డబ్బో, చిట్టీ ఎత్తిన డబ్బో తెచ్చి బల్లమీద పెట్టే తండ్రికి తను దేనికి చెల్లిస్తున్నాడో తెలియాలి కదా. ఆర్‌టీఎక్స్ 4060 వచ్చాక తేడా ఇంకా పెరిగింది: 35 వాట్ల నుంచి 115 దాకా.

తక్కువ వాట్లంటే చెడ్డ మెషిన్ అని కాదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడుకుని రోజూ కాలేజీకి మోసే అమ్మాయికి 60 వాట్ల 14 అంగుళాల మెషినే సుఖం. హాస్టల్ టేబుల్ మీదే ఉంచి పెద్ద ఆటలు ఆడేవాడికి రెండున్నర కిలోల, నిండా వాట్లున్న 15 అంగుళాలది తక్కువ ధరలోనే దొరుకుతుంది. బరువు చూసేటప్పుడు అడాప్టర్‌నూ కలిపి చూడండి. 230 వాట్ల ఇటుక ఒక్కటే ముప్పావు కిలో దాకా తూగుతుంది. టైప్-సి చార్జింగ్ ఉంటే ఆ ఇటుకను గదిలో వదిలి, క్లాసుకు చిన్న చార్జర్ వేసుకుపోవచ్చు. మన ఊళ్ల దుమ్ముకు ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య ఏడాదిలో బూడిదరంగు దుమ్ము దుప్పటిలా కడుతుంది, దాన్ని తీయించుకోవాలి. కొనేముందు ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, స్లాట్ ఖాళీ ఉందా అనీ అడగండి. 8 జీబీ ఒకే స్టిక్ మీద నడిచే మెషిన్లో పక్కన ఇంకో 8 వేస్తే చాలా ఆటల్లో తేడా కంటికి కనిపిస్తుంది, బేస్ విప్పి మళ్లీ బిగించడం పది నిమిషాల పని.