థగ్గు

సైబరాబాద్‌లో గేమ్ ఆడే కుర్రాళ్లకు ‘థగ్’ అంటే చీకటి ముఠా మనిషి. ఆ మాట ఇంగ్లిష్‌కు మన దేశం నుంచే వెళ్లింది. హిందీలో ఠగ్ అంటే మోసగాడు. మూలం సంస్కృతంలోని ‘స్థగ్’ ధాతువు, అంటే దాచడం. (మన ‘దగా’ వేరు, అది ఫారసీ.) థగ్గులని పేరుపడ్డ దారిదోపిడీ ముఠాల వాళ్లను దక్షిణాదిన ఉరితాడు పేరిట ఫాన్సీగర్లనేవారు.

నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ నవల తెచ్చాక ఈ మాట ఇంగ్లండ్ అంతటా పాకింది. దారిదోపిడీలు, హత్యలు నిజమే. కాళికి నరబలులిచ్చే దేశవ్యాప్త రహస్యసంఘం ఉండేదన్న కథను మాత్రం ఇప్పటి చరిత్రకారులు చాలామంది నమ్మరు. నేనూ నమ్మను. దానికి ఆధారాల్లో ఎక్కువ భాగం ప్రాణభిక్ష ఆశతో అప్రూవర్లు ఇచ్చిన వాంగ్మూలాలే. అయినా 1836 నాటి థగ్గుల చట్టం ప్రకారం ముఠాలో ఉన్నట్టు తేలితే చాలు, యావజ్జీవ కఠిన కారాగారశిక్ష పడేది.